తూము దగ్గరి నాలుగో పేరు

పోయిన వారం మా పెద్దమ్మ మునిమనవడు ఏదో పనిమీద కడపకు వచ్చి, ఈ ముసలిదాన్ని గుర్తుపెట్టుకుని మా ఇంటికీ వచ్చాడు. వస్తూ ఒక మిఠాయి డబ్బా, పెళ్లిపత్రిక కంటే మందంగా మెరిసిపోతున్న ఒక ఆహ్వానపత్రిక తెచ్చాడు. ఊరి మొదట్లో పాలరాతి ద్వారం కట్టించారట. దానికి సఖ్యతా ద్వారమని పేరు పెట్టారట. తొంభై ఏళ్ల కిందట చెరువు నీళ్ల కోసం కొట్టుకుని చచ్చిపోయిన పైగేరి, కిందిగేరి మనుషుల పేర్లు ఒకే పలక మీద పక్కపక్కన చెక్కించారట. రెండు గేర్ల, అంటే రెండు వాడల, పెద్ద కుటుంబాలూ ఇప్పుడు వియ్యమందుకున్నాయి, కాంట్రాక్టులు కలిసి చేసుకుంటున్నాయి. ఇక పాత పగలు ఎందుకని అందరూ కూర్చుని మాట్లాడుకుని ఊరి చరిత్రను ఒకే మాటగా రాయించారట. అది చెప్పేటప్పుడు వాడి ముఖం వెలిగిపోయింది. నాకూ ఒక క్షణం కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు చెప్పాలి.

కళ్లజోడు పెట్టుకుని పత్రిక చదివాను. పైగేరి పేరు ఒకటి, కిందిగేరి పేర్లు రెండు, మొత్తం మూడు. పత్రికను అటూ ఇటూ తిప్పి, వెనకవైపు కూడా చూసి, నాలుగో పేరు ఏదిరా అని అడిగాను. వాడు నవ్వాడు.

"నాలుగో మనిషి ఎవరవ్వా? సచ్చింది ముగ్గురే గదా."

నాకిప్పుడు ఎనభై ఎనిమిదేళ్లు. కోపం తెచ్చుకోవద్దని మా డాక్టరు చెబుతుంటాడు. ఆయనకు ముప్పై ఏళ్లు, కోపం లేకుండా ఎనభై ఎనిమిది దాకా ఎలా బతకాలో నాకు నేర్పే వయసు కాదు. వాడు వెళ్లిపోయాక మిఠాయి డబ్బా పనిమనిషికి ఇచ్చేసి, అటక మీది ట్రంకుపెట్టె దింపించి, అడుగున ఉన్న నోటుపుస్తకం బయటికి తీశాను. అట్ట ఊడిపోయింది, కాగితాలు బెల్లం రంగుకు తిరిగాయి. ఆ పుస్తకం కథే ఇది. నా వయసు వాళ్లు, అందులోనూ కర్నూలు పడమటి పల్లెల్లో పుట్టినవాళ్లు చదివితే, మా ఊళ్లోనూ ఇట్లాంటిదొకటి జరిగిందే అనుకుంటారని నాకు తెలుసు.

కర్నూలు కొత్తగా రాజధాని అయ్యి, ఆఫీసులన్నీ గుడారాల్లో నడుస్తున్నాయని జనం వింతగా చెప్పుకునే రోజులవి. అంతకు కొన్నేళ్ల ముందే పెద్ద కరువు వచ్చి, గంజి కేంద్రాల ముందు మట్టిముంతలు పట్టుకుని నిలబడిన మనుషులు ఇంకా పూర్తిగా కోలుకోలేదు. ట్రైనింగు అయిపోయిన వెంటనే నాకు కోయిలకుంట్లకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరుగా ఉద్యోగం వచ్చింది. అది మా పెద్దమ్మ ఊరే కావడంతో, పెళ్లికాని పిల్లను ఒంటరిగా పంపేది లేదన్న మా నాయన కూడా సరేనన్నాడు. పెద్దమ్మ ఇల్లు పైగేరిలో ఉండేది. మట్టి మిద్దె, కప్పు మధ్యలో వెలుతురు కోసం వదిలిన గవాక్షి, ఎక్కడానికి గోడలోంచి బయటికి వచ్చిన రాతి మెట్లు. ఆ మిద్దెలు ఇప్పటి పిల్లలకు తెలియవు. మా ఆడవాళ్ల లోకమంతా ఆ మిద్దెల మీదే ఉండేది. ధాన్యం ఆరబోయడం, వడియాలు పెట్టడం, తల ఆరబెట్టుకోవడం, పక్క మిద్దె ఆవిడతో ఊరి సంగతులన్నీ మాట్లాడుకోవడం, అన్నీ అక్కడే. కాస్త మబ్బు పట్టిందంటే చాలు, మా వైపు మోడం పట్టిందంటాం, ఊళ్లోని ఆడవాళ్లంతా ఒక్కసారిగా మిద్దెలెక్కి ఆరబోసినవి ఎత్తి, గవాక్షుల మీద బండలు మూసేవాళ్లు. ఈ మాట గుర్తుంచుకోండి, నా కథంతా దీనిమీదే నిలబడింది.

ఆ ఊరికి ఒక చెరువు, దానికి ఒకే తూము. తూములోంచి వచ్చిన నీళ్లు రెండు కాలవలుగా చీలి ఒకటి పైగేరి మడులకూ ఒకటి కిందిగేరి మడులకూ పోతాయి. కట్ట మీద ఒక నిలువురాయి ఉండేది, దాన్ని నీడరాయి అనేవాళ్లు. పొద్దు పొడిచింది మొదలు ఆ రాతి నీడ కింద చెక్కిన గీతను తాకేదాకా నీళ్లు పైగేరివి, తాకిన తరువాత కిందిగేరివి. ఈ వంతులు చూసి నీళ్లు మళ్లించే మనిషిని నీరుగట్టి అంటారు. అతనిది ఊరికి బయట విడిగా ఉండే గేరి. తాతల నాటి నుంచి ఆ పని ఆ ఇంటిదే. రెండు గేర్లవాళ్లూ నీళ్ల విషయంలో అతని చేతికి లోబడి ఉండాలి, కానీ అతను మాత్రం వాళ్ల గడప తొక్కకూడదు. అప్పట్లో అది ఎవరికీ వింతగా తోచేది కాదు, నాకూ తోచలేదు.

నేను వెళ్లేటప్పటికి ఇరవై ఏళ్ల కిందట, శ్రావణమాసంలో ఒక రోజు, ఆ నీళ్ల వంతు దగ్గరే కొట్లాట జరిగింది. మా పెద్దనాయన తమ్ముడు చచ్చిపోయాడు. కిందిగేరిలో అన్నదమ్ములిద్దరు చచ్చిపోయారు. పైగేరివాళ్లు తమ మనిషికి ఒక రాయి నాటారు, కిందిగేరివాళ్లు తమ ఇద్దరికీ ఇంకొక రాయి నాటారు. ఏటా పెద్దల అమావాస్యనాడు ఏ గేరివాళ్లు ఆ గేరి రాతి దగ్గర పసుపు కుంకుమలు పెట్టి, అన్నం ముద్దలు పెట్టి, పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని ఆనాటి కథ చెప్పేవాళ్లు. పైగేరి కథలో నీడ ఇంకా గీతకు జానెడు దూరం ఉండగానే నీరుగట్టి కిందిగేరికి అమ్ముడుపోయి నీళ్లు మళ్లించాడు. కిందిగేరి కథలో నీడ గీత దాటి జానెడు పోయినా నీరుగట్టి పైగేరికి అమ్ముడుపోయి నీళ్లు ఆపాడు. అన్నింటిలోనూ తగువులాడే రెండు గేర్లకూ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయం ఉండేది, నీరుగట్టి దొంగ.

బడిలో పైగేరి పిల్లలు ఒకవైపు, కిందిగేరి పిల్లలు ఒకవైపు కూర్చునేవాళ్లు. వాళ్లకు రెండు నీళ్లకడవలు ఉండేవి. బయటి గేరి పిల్లలు వరండాలో కూర్చునేవాళ్లు, వాళ్లకు కడవే లేదు, ఎవరైనా పోస్తే తాగాలి. రెండు కడవలేమిటని నేను చేరిన మొదటి వారంలోనే మండిపడ్డాను. మూడో కడవ లేదన్న సంగతి మాత్రం నా కంటికి ఆనలేదు. కళ్లుండీ చూడకపోవడం అంటే అదే, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఆ ఏడు పెద్దల అమావాస్య మరునాడు, రాత్రి విన్న కథలు ఇంకా వేడిగా ఉండగానే, మూడో తరగతి పిల్లలు పలకలతో కొట్టుకున్నారు. ఎనిమిదేళ్ల పిల్లకు నుదురు చిట్లింది. ఎందుకు కొట్టుకున్నారని అడిగితే, నీడ గీత దాటిందా లేదా అన్న దాని మీద. వాళ్లు పుట్టడానికి పన్నెండేళ్ల ముందు పడిన నీడ మీద! ఆ నెత్తురు తుడుస్తుంటే నాకు పట్టలేని కోపం వచ్చింది. ఆ కోపంలో హెడ్మాస్టరుగారి మీద కూడా అరిచాను. ఆయన అనంతపురం వైపు మనిషి, ముక్కుపొడుం అలవాటు, ఏ గేరితోనూ సంబంధం లేదు. నేను అరవడం అయిపోయేదాకా ఆగి, చిటికెడు పొడుం పీల్చి, ఈ కథను మనమే రాయిద్దామమ్మా, కాకపోతే ఒక పద్ధతిలో రాయిద్దాం అన్నారు.

ఆయన పద్ధతి ఇది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు తలా ఒక పుస్తకం ఇవ్వాలి. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఆ రోజు నువ్వు ఎక్కడున్నావు, ఏం పని చేస్తున్నావు, నీ కళ్లతో ఏం చూశావు అని అడగాలి. కళ్లారా చూసింది కుడిపేజీలో రాయాలి. ఇంకొకరు చెప్పగా విన్నది ఎడమపేజీలో రాయాలి. అంతే, ఇంకే నియమమూ లేదు.

పది రోజుల్లో పుస్తకాలు వచ్చాయి. ఎడమపేజీలన్నీ నిండిపోయి అంచుల్లో కూడా రాసేశారు. కుడిపేజీలు దాదాపు ఖాళీ. ఒక పిల్ల ఎడమపేజీలో తన పెదనాయన ఒక్క కట్టెతో పదహారుమందిని తరిమిన వీరగాథ రాసి, కుడిపేజీలో "మా జేజి ఆ పొద్దు మా సిన్నాయనను కనింది, ఏమీ సూడలేదు" అని ఒక్క ముక్క రాసింది. ఇరవై ఏళ్లుగా ఊరిని రెండుగా చీల్చిన కథను కళ్లతో చూసినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. మిగిలినవాళ్లంతా ఒకరి నోటి నుంచి ఒకరు అందుకున్నవాళ్లే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తరువాత హెడ్మాస్టరుగారు పుస్తకాలు తారుమారు చేశారు. పైగేరి పిల్లలు కిందిగేరి కుడిపేజీలు చదవాలి, కిందిగేరి పిల్లలు పైగేరివి చదవాలి. మొదట గొణిగారు కానీ చదివారు. పైగేరి పుస్తకంలో మా పెద్దనాయన చెప్పిన మాట ఉంది, కిందిగేరి కాలవలో నీళ్లు పారుతుండగా నా కళ్లతో చూశానని. కిందిగేరి పుస్తకంలో ఒక తాత చెప్పిన మాట ఉంది, పైగేరి కాలవలో నీళ్లు పారుతుండగా నా కళ్లతో చూశానని. ఐదో తరగతి పిల్ల ఒకతి వేలెత్తి, అయితే రెండు కాలవల్లోనూ నీళ్లు ఉన్నాయా టీచర్ అని అడిగింది. ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఇరవై ఏళ్లలో ఆ ఊళ్లో ఒక్క పెద్దమనిషికి రాలేదు. పంచాయితీలు పెట్టారు, కోర్టులకు తిరిగారు, శ్రీశైలం మల్లన్న మీద ప్రమాణాలు చేశారు, ఇది మాత్రం చేయలేదు.

నీరుగట్టి రెండు కాలవలకూ నీళ్లు ఎందుకు వదిలాడన్నది ఎవరికీ తెలియదు. బడి ప్రహరీ అవతల పిడకలు ఏరుకుంటూ ఒకావిడ రోజూ నిలబడి ఈ చదువులన్నీ వింటుండేది. ఆ రోజు పిల్లలు వెళ్లిపోయాక, గోడ అవతలి నుంచే, మా మనవరాలికి పుస్తకం ఎందుకు ఇవ్వలేదమ్మా అని అడిగింది. నేను ఏమాత్రం ఆలోచించకుండా, మీరు ఏ గేరివాళ్లూ కాదు కదా అన్నాను. ఆమె నీరుగట్టి భార్య. ఆనాటి కొట్లాటలో రెండు గేర్లవాళ్లూ అతన్ని కొట్టారని, మూడోనాడు ఇంట్లో ప్రాణం పోయిందని, కొట్లాట చోట చావలేదు కాబట్టి లెక్కలోకి రాలేదని నాకు అప్పుడు తెలిసింది. నాలుగు నెలలుగా ఆ ఊళ్లో ఉండి, పిల్లలకు చరిత్ర రాయిస్తున్నానని పొంగిపోతున్న నాకు, ఆ కొట్లాటలో నలుగురు చచ్చిపోయారన్న సంగతే తెలియదు. దొంగ కొడుకని ఆమె కొడుకును తూము దగ్గరికి రానివ్వలేదు. తాతల నాటి పని పోయింది. ఆమెను కూలికి పిలిచినా, దొంగ పెళ్లామన్న మాట అనకుండా ఎవరూ పిలిచేవాళ్లు కాదు.

మరునాడు నేను వాళ్ల గేరికి వెళ్లాను. వెళ్లొచ్చినందుకు పెద్దనాయన నన్ను గడప బయటే నిలబెట్టి తలమీద నీళ్లు పోయించాడు, అది వేరే సంగతి. ఆమె నులకమంచం వాల్చి నన్ను కూర్చోబెట్టి తాను నేలమీద కూర్చుంది. మనవరాలు నా చేతిలోని కొత్త పుస్తకం కుడిపేజీ తెరిచి పట్టుకుంది.

"ఆ పొద్దు మోడం పట్టిండె టీచరమ్మా. నీడ యాడిది? నీడ లేని పొద్దు నీరుగట్టి మాటే నీడ, అది ముందు నుంచీ ఉండే కట్టు. ఎవరికీ అన్యాయం వద్దని రెండు కాలవలకూ చెరిసగం ఇడిసినాడు. ఈళ్లు ఆళ్ల కాలవ సూసినారు, ఆళ్లు ఈళ్ల కాలవ సూసినారు. ఎవురూ వాళ్ల కాలవ సూసుకోలేదు."

మోడం రోజుల్లో నీరుగట్టి మాటే చెల్లాలన్న కట్టుబాటు అందరికీ తెలుసు, రెండు గేర్లవాళ్లూ ఒప్పుకున్నదే. అందుకే రెండు కథల్లోనూ నీడ అంత గట్టిగా పడింది. నీడ పడలేదంటే, కట్టు తప్పినవాళ్లు తామే అవుతారు. ఒకడు జానెడు ఇటు, ఒకడు జానెడు అటు, లేని నీడను కొలిచి పిల్లలకు నూరిపోశారు. ఆమెను నీ భర్త పేరేమిటని అడిగాను. భర్త పేరు నోటితో చెప్పకూడదు కదా, బేతంచెర్ల కాడ కొండల్లో ఉండే సామి పేరని తలవంచుకుంది. మనవరాలు ఆ పేరు పుస్తకంలో రాసింది. ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్లు కాదు, నీరుగట్టోడు అనే పిలిచేవాళ్లు. కట్టుకున్నదానికి పిలిచే వీలు లేదు. ఒక మనిషి పేరు అలా గాలిలో కలిసిపోయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ రోట్లో కొర్రలు దంచుతుంటే పక్కన కూర్చుని, ఆ రోజు నువ్వేం చేస్తున్నావని అడిగాను. దంపుడు ఆపకుండానే, కొర్రలు ఎత్తుతున్నానని చెప్పింది. ఎందుకు ఎత్తావంటే మోడం పట్టింది కాబట్టి. గవాక్షి మీద బండ మూస్తుంటే వేలు నలిగిందని గోరు వంకర పోయిన వేలు చూపించింది. ఆ మాట అంటూనే రోకలి ఆపేసింది. తన భర్త ఇరవై ఏళ్లుగా రాతి దగ్గర చెబుతున్న కథ, తన వేలి గోరు చెబుతున్న కథ, రెండూ ఒకటి కావని ఆమెకు ఆ క్షణంలోనే తట్టిందనుకుంటాను. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, నన్ను అడిగింది ఎవరని అంది. మరునాటి నుంచి నేను రెండు గేర్ల మిద్దెలూ ఎక్కాను. కిందిగేరిలో ఒకావిడ వడియాలు ఎత్తింది, ఒకావిడ మిరపకాయలు ఎత్తింది, ఒకావిడ ఎత్తలేక వానకు తడిపేసుకుని అత్తతో తిట్లు తింది. అవును, ఆ సాయంత్రం వాన కూడా పడింది. చెరువు సగం నిండిందట. ఎవరు ముందు తాగాలని నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్న నీళ్లు, సాయంత్రానికి ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. ఇది తెలిసిన రోజు నేను అన్నం తినలేదు.

మరుసటి ఏడు పెద్దల అమావాస్యనాడు మధ్యాహ్నం, రెండు రాళ్ల దగ్గరికి పోయే ముందు అందరూ బడికి రావాలని హెడ్మాస్టరుగారు రెండు గేర్లకూ కబురు పెట్టారు. పిల్లలు చదువుతారంటే వద్దనలేక వచ్చారు. బయటి గేరివాళ్లు ప్రహరీ అవతల నిలబడ్డారు. పిల్లలు కుడిపేజీలు మాత్రమే చదివారు. ఎడమపేజీ ఒక్కటి కూడా చదవనివ్వలేదు. మోడం మాట రాగానే మా పెద్దనాయన లేచాడు. నీడ ఆయన కళ్లారా చూశాడట, గీతకు జానెడు ఇవతల ఉండిందట, తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి మాట అబద్ధమంటారా అని అడిగాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. అంతలో ఆడవాళ్లలోంచి మా పెద్దమ్మ లేచి నిలబడింది. నలుగురిలో ఆమె గొంతు ఎవరూ విని ఉండరు.

"నీడ లేదు. నేను కొర్రలు ఎత్తినా. నువ్వు నెత్తుటితో ఇంటికొచ్చేటప్పుడు గవాక్షి మూసి ఇల్లంతా సీకటిగా ఉండె, దీపం ఎత్తుకొచ్చి నీ ముఖం సూసినా. మర్సిపోయినావా?"

ఆయన కూర్చుండిపోయాడు. కిందిగేరి ఆడవాళ్లు ఒక్కొక్కరే, నేనూ ఎత్తినా, నేనూ ఎత్తినా అన్నారు. కిందిగేరిలో చచ్చిపోయిన అన్నదమ్ముల తండ్రి, బాగా ముసలాయన, మోడమేనని ఒక్క మాట అన్నాడు. అయితే ఆ నీరుగట్టోడు దొంగ కాదా అని ఎవరో అడిగారు. దొంగ కాదని హెడ్మాస్టరుగారన్నారు. అయితే ఆయప్పకు పేరు లేదా అని ఇంకెవరో అడిగారు. మనవరాలి చేతిలో పుస్తకం ఉంది, అది చదవబోయింది. అంతలో ప్రహరీ అవతలి నుంచి నీరుగట్టి భార్య గొంతు వినిపించింది.

"ఉండాది. మద్దిలేటి."

భర్త చచ్చిన ఇరవై ఒక్క ఏళ్లకు ఆమె ఆ పేరు మొదటిసారి నోరారా పలికింది. నా జీవితంలో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, అంత పెద్ద ఉపన్యాసం మళ్లీ వినలేదు.

ఆ సాయంత్రం ఏ రాతి దగ్గరా కథ చెప్పలేదు. మా పెద్దమ్మ, కిందిగేరి ఆడవాళ్లు కొందరు, ఎవరికి వాళ్లుగా కొర్రన్నం ముద్దలు తీసుకెళ్లి తూము దగ్గర పెట్టి వచ్చారు. మగవాళ్లు పోలేదు, కానీ ఆపనూ లేదు. తరువాతి వానలకు నీరుగట్టి కొడుకును పిలిచి తూము పని అప్పజెప్పారు. క్షమించమని ఎవరూ అడగలేదు, పిలిచారు, అంతే. అదైనా దక్కింది.

మాకు మాత్రం దక్కాల్సింది దక్కింది. పిల్లల చేత ఊళ్లో కక్షలు రేపుతున్నారని పైకి అర్జీలు పోయాయి. కక్షలు రేపేది మేమట! హెడ్మాస్టరుగారిని ఒక మూలకు, నన్ను పులివెందుల అవతలికి బదిలీ చేశారు. పుస్తకాలన్నీ అప్పజెప్పమన్నారు, మనవరాలు రాసినది తప్ప అన్నీ అప్పజెప్పాను. అవి ఏమయ్యాయో తెలియదు. పెద్దనాయన మూడు నెలలు పెద్దమ్మతో మాట్లాడలేదు. నాలుగో నెలలో ఒక రోజు మోడం పడితే, ఆయనే మిద్దె ఎక్కి కొర్రలు ఎత్తాడని పెద్దమ్మ జాబు రాయించింది. ఆ జాబు కూడా పుస్తకంలోనే ఉంది.

ఇప్పుడు ఆ చెరువు లేదు. బోర్లు వచ్చాక తూము పూడిపోయింది, నీరుగట్టి పనే లేకుండా పోయింది, నీడరాయి రోడ్డు కింద పడిపోయిందట. మిద్దెలు పోయి స్లాబులు వచ్చాయి, మోడం పడితే పైకి పరుగెత్తే పని ఎవరికీ లేదు, కొర్రలు పట్నాల్లో షుగరు రోగులకు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. మారినందుకు నాకు బాధ లేదు, మారాల్సినవి చాలా ఉండేవి. తలమీద నీళ్లు పోయించుకున్నదాన్ని, నాకు తెలియదా. నా బాధల్లా వేరు. ఆనాడు చదువురాని ఆడవాళ్లు తమ మొగుళ్ల ముందు నిలబడి సంపాదించిన నిజాన్ని, ఈనాడు చదువుకున్నవాళ్లు ఏసీ గదిలో కూర్చుని పోగొట్టారు. ముందు రెండు గేర్లూ కలిసి అతన్ని దొంగ అన్నాయి, ఇప్పుడు రెండు గేర్లూ కలిసి అసలు లేడంటున్నాయి. దొంగ అన్నప్పుడైనా ఒక మనిషి ఉన్నాడని ఒప్పుకున్నట్టుండేది. ఇద్దరు బలవంతులు చేతులు కలుపుకోవడానికి మూడోవాణ్ణి తుడిచేయడం సఖ్యత ఎట్లా అవుతుందో నాకు అర్థం కాదు. అది ఎడమపేజీ. పాలరాతి మీద చెక్కినంత మాత్రాన ఎడమపేజీ కుడిపేజీ అయిపోదు.

నిన్న మునిమనవడికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఓపికగానే విన్నాడు, పాపం మంచివాడు. ఇప్పుడు అందరం కలిసిపోయినాం గదా, మళ్లీ అవన్నీ ఎందుకవ్వా అన్నాడు. పలక చెక్కడం అయిపోయిందన్నాడు. పలకలో కింద చోటుందా అని అడిగాను. చూసి చెబుతానన్నాడు, ఇంకా చెప్పలేదు.

చెప్పకపోయినా నేను వెళ్తాను. ఆ నీరుగట్టి మనవరాలు ఇప్పుడు నంద్యాలలో ఉంటుంది, టీచరుగా చేసి రిటైరయింది, దానికీ మోకాళ్ల నొప్పులే. ఇద్దరం కారులో పోయి ముందు వరుసలో కూర్చుంటాం. వాళ్లు ముగ్గురి పేర్లు చదివి చప్పట్లు కొట్టాక నేను లేచి నిలబడతాను. ఎనభై ఎనిమిదేళ్ల దాన్ని కూర్చోమనడానికి ఎవరికీ నోరు రాదు, బదిలీ చేయడానికి ఎవరికీ వీలు లేదు. దానిచేత కుడిపేజీ చదివిస్తాను. చదవడం అయిపోయాక నాలుగో పేరు నేనే పలుకుతాను, ప్రహరీ అవతలి నుంచి ఆ తల్లి పలికినట్టుగానే, ఒక్క మాటగా, మద్దిలేటి అని.